‘డిఫాల్ట్’లో తప్పెవరిది?

పశ్చిమ ఢిల్లీ జిల్లా వినియోగదారుల న్యాయవేదిక చిరునామా ఏళ్ల తరబడి జనక్‌పురి సి-బ్లాక్ కమ్యూనిటీ సెంటరే. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఏర్పరచిన ఈ వేదికల ప్రత్యేకత ఏమంటే, ఇక్కడ వకీలు లేకుండానే ఎవరి మొర వారు వినిపించుకోవచ్చు. చెడిపోయిన రిఫ్రిజిరేటరు, చేతికందని బీమా సొమ్ము, సకాలంలో అప్పగించని ఫ్లాటు - ఏదైనా సరే, కాగితాల సంచీ చంకన పెట్టుకుని సామాన్య గృహస్థు స్వయంగా వాదించుకోవచ్చు. ఈ సౌకర్యంలోనే ఒక చిక్కు కూడా ఉంది. వకీలు లేనివాడు తన కేసులో వెలువడిన ఉత్తర్వును కూడా తానే చదువుకోవాలి.

ఢిల్లీ అభివృద్ధి సంస్థ 1970వ దశకంలో తీర్చిదిద్దిన ఈ కాలనీకి తెలుగువారు కొత్త కారు. దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ 1948లో నెలకొల్పిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారి పాఠశాల ఒకటి ఇక్కడ ఉంది. కేంద్ర ప్రభుత్వంలో ముప్పై ఏళ్లు ఫైళ్ల మీద ఇంగ్లీషు నోట్లు రాసి, పదవీ విరమణ చేసిన ఒక తెలుగు ఇంటి పెద్దను ఇక్కడ ఊహించుకుందాం. ఆయన ఫిర్యాదు విచారణకు వచ్చిన రోజున జ్వరంతో మంచం దిగలేకపోయారు. వారం గడిచాక వెళ్లి ఉత్తర్వు నకలు తెచ్చుకుంటే అందులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం: ‘డిస్మిస్డ్ ఇన్ డిఫాల్ట్’.

“ఏమైంది నాన్నగారూ?” అని కొడుకు అడుగుతాడు.

“ఏముందిరా! తప్పు నాదేనని తేల్చేశారు” అని ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువాలో పడేస్తారు.

నిజానికి ఆ కాగితం అటువంటిదేమీ తేల్చలేదు. రిఫ్రిజిరేటరు చెడిందా లేదా, అమ్మినవాడిది బాధ్యతా కాదా అన్న విషయాల జోలికే అది పోలేదు. ఫిర్యాదుదారు రాలేదు కనుక ఫైలు మూసివేశామని మాత్రమే అది చెప్పింది. ఆయన అనుభవానికి లోపం లేదు, ఇంగ్లీషుకూ లోపం లేదు. ‘డిఫాల్ట్’ అన్న మాటలో ‘ఫాల్ట్’ అన్న మాట వినిపించడమే ఆయన కొంప ముంచింది.

వినిపించడంలో వింత లేదు. ఆ రెండూ ఒక తల్లి బిడ్డలే. లాటిన్ భాషలో మోసగించడం, విఫలం చేయడం అనే అర్థాలు గల ఒక క్రియ ప్రాచీన ఫ్రెంచి గుండా ఇంగ్లీషులోకి వచ్చి ‘ఫెయిల్’, ‘ఫాల్ట్’, ‘డిఫాల్ట్’ అనే మూడు మాటలుగా స్థిరపడింది. మొదట్లో ‘డిఫాల్ట్’కు నేరం, పాపం అన్న అర్థం కూడా ఉండేది. శతాబ్దాలు గడిచేకొద్దీ నింద యావత్తూ ‘ఫాల్ట్’ వాటాకు పోయింది. జరగవలసినది జరగకపోవడం, ఉండవలసినది లేకపోవడం ‘డిఫాల్ట్’ వాటాకు మిగిలింది. అన్నదమ్ములు వేరుపడ్డా ఇంటిపేరు ఒకటే ఉన్నట్టు, ధ్వనిలో పోలిక మాత్రం అలాగే నిలిచిపోయింది.

ఈ రహస్యాన్ని గ్రహించడానికి తెలుగువాడు లాటిన్ దాకా పోనక్కరలేదు. ‘తప్పు’ అన్న మన మాట సరిగ్గా ఇదే పని చేస్తుంది. నామవాచకంగా అది అపరాధం. క్రియగా మారి ‘తప్పడం’ అయిందంటే దాని దారే వేరు. దారి తప్పినవాడు దోషి కాడు. గండం తప్పితే దేవుడికి దండం పెట్టుకుంటాం. కోడలు నెల తప్పిందంటే ఇంటిల్లిపాదికీ పండగే. ఉండవలసిన చోట ఉండకపోవడం, జరగవలసిన వేళకు జరగకపోవడం - ఇంతవరకే ‘తప్పడం’. అందులో మంచి ఉందా, చెడు ఉందా అన్నది తర్వాతి మాట.

అంతకంటె విశేషం ‘వాయిదా’ అనే మాటలో ఉంది. పారశీకం ద్వారా మన వ్యవహారంలో కలిసిపోయిన ఈ పదానికి తెలుగులో రెండు ముఖ్యార్థాలు: అప్పు తీర్చే కంతు ఒకటి, కోర్టు విచారణ తేదీ మరొకటి. ‘వాయిదా తప్పాడు’ అంటే బ్యాంకుకు డబ్బు కట్టలేదనీ కావచ్చు, కోర్టుకు పోలేదనీ కావచ్చు. ఇంగ్లీషులో ‘డిఫాల్ట్’ కాపురం చేస్తున్నది ఖచ్చితంగా ఈ రెండిళ్లలోనే. ఇంత దగ్గరి మాట పెరట్లోనే ఉండగా, మన అనువాదకులు ఒకచోట ‘తప్పిదం’ అనీ, మరొకచోట ‘ఎగవేత’ అనీ రాసి లేనిపోని నిందలు మోపడం విచారకరం.

మొదట కోర్టు సంగతి. ఢిల్లీలోని తీస్ హజారీ వంటి కోర్టుల పరిసరాల్లో పాతకాలపు గుమాస్తాలు ‘డిస్మిస్డ్ ఇన్ డిఫాల్ట్’ అనడానికి బదులు ‘అదమ్ పైర్వీ మే ఖారిజ్’ అంటారు. ‘అదమ్’ అంటే లేమి. ‘పైర్వీ’ అంటే వెంటబడి నడిపించడం. వ్యాజ్యాన్ని నడిపించేవారు లేక కొట్టివేశారన్నమాట. కక్షిదారు రాకపోతే ‘అదమ్ హాజిరీ’. ఇంగ్లీషు మాటలో దాగిన అర్థాన్ని ఈ ఉర్దూ పలుకుబడి విప్పి చూపిస్తుంది. తెలుగు కోర్టుల్లో ‘గైరుహాజరు’ అనే మాట వాడటం కూడా ఈ సంప్రదాయంలోదే.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో తొమ్మిదవ ఆర్డరు అంతా ఈ గైరుహాజరు పురాణమే. వాది, ప్రతివాది ఇద్దరూ రాకపోతే కోర్టు దావాను కొట్టివేయవచ్చు. అయినా కాలపరిమితి మించకపోతే వాది మళ్లీ దావా వేసుకోవచ్చు. ప్రతివాది వచ్చి వాది రాకపోతే దావా పోతుంది. అదే కారణం మీద కొత్త దావాకు వీలుండదు గాని, రాలేకపోవడానికి తగిన కారణం చూపి ముప్పై రోజుల్లోగా పాత దావాను పునరుద్ధరించమని కోరవచ్చు. వాది వచ్చి ప్రతివాది రాకపోతే విచారణ ‘ఎక్స్‌పార్టీ’గా, అంటే ఏకపక్షంగా సాగుతుంది. అప్పుడైనా ఎదుటివాడు రాలేదు కనుక గెలుపు తనదేనని వాది కాలుమీద కాలు వేసుకు కూర్చోవడానికి లేదు. తన వాదనను సాక్ష్యంతో రుజువు చేయక తప్పదు. ఏకపక్ష డిక్రీ వచ్చిన తర్వాత కూడా దానిని రద్దు చేయమని అడిగే ద్వారం ప్రతివాదికి తెరిచే ఉంటుంది.

‘ఎక్స్‌పార్టీ’ అయిపోతే ఇక కోర్టు గడప తొక్కరాదన్న భ్రమ ఊళ్లలో నేటికీ కద్దు. ఎన్నికల ట్రిబ్యునల్‌కు సంబంధించిన సంగ్రామ్ సింగ్ కేసులో 1955లోనే సుప్రీంకోర్టు ఈ భ్రమను పటాపంచలు చేసింది. ఒక వాయిదాకు రాని కక్షిదారు తర్వాతి వాయిదాకు వచ్చి, అక్కడినుండి విచారణలో పాల్గొనవచ్చునని తేల్చింది. విచారణ పద్ధతులు ఉన్నది న్యాయం జరగడానికే తప్ప మనుషుల్ని వల వేసి పట్టడానికి కాదన్నది ఆ తీర్పు సారాంశం.

వినియోగదారుల చట్టం దగ్గరకు వస్తే, ‘డిఫాల్ట్’ అర్థం మరింత స్పష్టమవుతుంది. ఫిర్యాదుదారు రానప్పుడు జిల్లా ఫోరం ఏమి చేయాలో 2002 నాటి సవరణ రెండు మార్గాలుగా చెప్పింది: డిఫాల్ట్ కారణంగా ఫిర్యాదును కొట్టివేయడం ఒకటి, మంచిచెడ్డలు విచారించి తీర్పు చెప్పడం రెండవది. రెండూ ఒకటే అయితే చట్టం వాటిని వేరువేరుగా పేర్కొనవలసిన పని లేదు. డిఫాల్ట్ మీద కొట్టివేయడమంటే మంచిచెడ్డలు విచారించలేదనే అర్థం. 2000లో ఒక బీమా వివాదంలో, ఇలా కొట్టివేసిన ఫిర్యాదు విషయమై మళ్లీ ఫిర్యాదు చేయడానికి అడ్డు లేదని సుప్రీంకోర్టు పేర్కొన్నది. అయితే జిల్లా ఫోరం తన ఉత్తర్వును తానే వెనక్కు తీసుకోజాలదని 2011లో అదే కోర్టు స్పష్టం చేసింది. కాబట్టి అక్కడికే వెళ్లి చేతులు జోడిస్తే ప్రయోజనం ఉండదు. పై కమిషన్ తలుపు తట్టాలి. 2019 నాటి కొత్త చట్టం ప్రకారం దానికి గడువు ఉత్తర్వు తేదీ నుండి నలభై ఐదు రోజులు. బీరువాలో మడతపెట్టిన కాగితం మీద ఆ రోజులు నిశ్శబ్దంగా కరిగిపోతుంటాయి.

క్రిమినల్ చట్టంలో ఈ మాట మరో ముచ్చటైన రూపం ధరించింది. పత్రికల్లో ‘డిఫాల్ట్ బెయిల్’ అన్న మాట తరచు కనిపిస్తుంది. నిందితుడు ఏదో తప్పు చేసినందువల్ల వచ్చిన బెయిలనో, అడక్కుండానే దొరికే బెయిలనో చాలామంది భావిస్తారు. రెండూ పొరపాటే. అరెస్టయిన వ్యక్తిని కస్టడీలో ఉంచి దర్యాప్తు పూర్తిచేయడానికి చట్టం అరవై రోజులు, మరణశిక్షో యావజ్జీవమో లేక కనీసం పదేళ్ల జైలో పడే నేరాలకైతే తొంభై రోజులు గడువు ఇచ్చింది. ఆలోగా అభియోగ పత్రం దాఖలు కాకపోతే నిందితుడికి బెయిలు హక్కవుతుంది. 1973 నాటి కోడ్‌లో ఇది 167వ సెక్షన్. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 187వది. ఇక్కడ వాయిదా తప్పినది నిందితుడు కాదు, దర్యాప్తు చేసేవారు. ఈ హక్కు రాజ్యాంగం 21వ అధికరణంతో ముడిపడినదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది.

ఇందులో ఒక మెలిక ఉంది. గడువు దాటిన తర్వాత నిందితుడు బెయిలు అడగక ఊరుకుని, ఆలోగా పోలీసులు అభియోగ పత్రం వేసేస్తే ఆ హక్కు పోతుంది. ఇంగ్లీషువాడు దీనిని ‘గో బై డిఫాల్ట్’ అంటాడు. నోరు మెదపవలసిన వేళ మెదపనందువల్ల చేజారిపోవడం అన్నమాట. ఎదుటివారి డిఫాల్ట్ వల్ల వచ్చిన హక్కు, మన డిఫాల్ట్ వల్ల పోతుంది!

ఇక అప్పుల సంగతి. ఇక్కడ మాట పొరపాటు మర్యాదకే ముప్పు తెస్తుంది. ‘డిఫాల్ట్ ఆన్ ఎ లోన్’ అనే పలుకుబడిని మన పత్రికలు సాధారణంగా ‘రుణ ఎగవేత’ అనీ, అప్పు కట్టలేకపోయిన మనిషిని ‘ఎగవేతదారు’ అనీ రాస్తాయి. ఎగవేయడం అనే మాటలో ఉద్దేశం ఉంది. చేతిలో డబ్బు ఉంచుకుని, అప్పిచ్చినవాడి కన్నుగప్పి తప్పుకు తిరిగేవాడు ఎగవేస్తాడు. వర్షాలు మొహం చాటేసి వేరుశనగ చేను ఎండిపోయిన అనంతపురం రైతు ఎగవేయలేదు. అతనికి వాయిదా తప్పింది. ఇంగ్లీషులో ఇద్దరికీ ‘డిఫాల్టర్’ అన్న ఒకే మాట చెల్లుతుంది, ఎందుకంటే ఆ మాట కారణాన్ని అడగదు. 2016 నాటి దివాలా చట్టం ఇచ్చిన నిర్వచనం కూడా ఇంతే: చెల్లించవలసిన బాకీ గడువుకు చెల్లించకపోవడం డిఫాల్ట్. అందులో మనసు ప్రసక్తి లేదు.

మనసు ప్రసక్తి తేవలసి వచ్చినప్పుడు రిజర్వు బ్యాంకు ముందొక విశేషణం తగిలించింది - ‘విల్‌ఫుల్ డిఫాల్టర్’. 1999లో మొదలైన ఈ వర్గీకరణ ప్రకారం, తీర్చే స్తోమత ఉండీ తీర్చనివాడు, తెచ్చిన అప్పును వేరే పనులకు మళ్లించినవాడు, నిధులను దారి తప్పించినవాడు ఈ కోవలోకి వస్తారు. 2024లో సవరించిన ఆదేశాల్లో దీనికి పాతిక లక్షల రూపాయల బాకీని కనీస హద్దుగా ఉంచారు. ఎవరినీ సంజాయిషీ అడగకుండా ఆ జాబితాలో చేర్చరాదు. ‘ఎగవేతదారు’ అన్న మన మాట తగినది వీరికే. విశేషణం లేని ‘డిఫాల్టర్’ను కూడా అదే పేరుతో పిలిస్తే, రిజర్వు బ్యాంకు పని కట్టుకుని గీసిన గీతను తెలుగు పత్రిక ఒక్క శీర్షికతో చెరిపివేసినట్టే.

బ్యాంకుల లెక్కలో ఈ గీతలు ఇంకా ఉన్నాయి. 2004 మార్చి నుండి మామూలు అప్పు తొంభై రోజులు బకాయి పడితే ‘నిరర్థక ఆస్తి’ అవుతుంది. కాని పంట రుణానికి ఆ కొలత వర్తించదు. స్వల్పకాలిక పంటలైతే రెండు పంటకాలాలు, దీర్ఘకాలిక పంటలైతే ఒక పంటకాలం గడవాలి. ప్రకృతి లెక్క క్యాలెండరు లెక్కతో సరిపడదని బ్యాంకు నిబంధనే ఒప్పుకుంటున్నది. ‘బకాయి’ అన్నాం కనుక ఒక మాట: దీనికి ఇంగ్లీషు పర్యాయపదమైన ‘అరియర్స్’ రైతు ఇంట భయం పుట్టిస్తుంది, ఢిల్లీ ప్రభుత్వోద్యోగి ఇంట పాయసం వండిస్తుంది. ఒకరికి అది తాము కట్టవలసినది, మరొకరికి రావలసినది.

దేశాలకు కూడా వాయిదాలు తప్పుతాయి. 2022 ఏప్రిల్‌లో విదేశీ రుణ చెల్లింపులను నిలిపివేసిన శ్రీలంక, మే నెలలో స్వాతంత్ర్యానంతరం మొట్టమొదటిసారి డిఫాల్ట్ అయింది. 1991లో ఆ అంచుదాకా వెళ్లినా భారతదేశానికి ఆ పరిస్థితి రాలేదు. పి.వి. నరసింహారావు ప్రధానిగా పగ్గాలు చేపట్టిన తొలి వారాల్లో, ఆ జూలైలో, రిజర్వు బ్యాంకు 46.91 టన్నుల బంగారాన్ని ఇంగ్లండ్, జపాన్ కేంద్ర బ్యాంకుల వద్ద కుదువపెట్టి విదేశీ మారకద్రవ్యం తెచ్చింది. పుస్తెలు తాకట్టు పెట్టి మాట నిలబెట్టుకోవడమంటే ఏమిటో తెలిసిన జాతికి ఈ పని అర్థం కావడానికి నిఘంటువు అక్కరలేకపోయింది.

క్రీడల్లో ఈ మాట తేలికపడుతుంది. ప్రత్యర్థి రాకపోతే ‘విన్ బై డిఫాల్ట్’. మన పత్రికలు ఎక్కువగా వాడే ‘వాకోవర్’ గుర్రప్పందాల నుండి వచ్చింది. పోటీకి ఒకే గుర్రం మిగిలితే అది పరుగెత్తనక్కరలేదు, మైదానమంతా నడిచి వెళ్లినా చాలు. టెన్నిస్‌లో మాత్రం డిఫాల్ట్‌కు కాస్త కరుకుదనం ఉంది. 2020 సెప్టెంబరులో అమెరికన్ ఓపెన్ పోటీల్లో నొవాక్ జొకోవిచ్ విసురుగా వెనక్కు కొట్టిన బంతి లైన్ జడ్జి గొంతుకు తగిలింది. కావాలని కొట్టలేదని అందరికీ తెలిసినా అధికారులు ఆయనను ‘డిఫాల్ట్’ చేశారు, అంటే పోటీ నుండి తొలగించారు. ఇక్కడ ఈ క్రియ ఒకరు చేసేది కాదు, ఒకరిపై ప్రయోగించేది.

రాజకీయాల్లో ‘లీడర్ బై డిఫాల్ట్’ అంటే మరొకరు లేనందువల్ల నాయకుడైనవాడు. చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్న మన సామెత ఈ భావాన్ని ఇంగ్లీషుకంటె నిక్కచ్చిగా చెబుతుంది. పంచాయతీ ఎన్నికల్లో ఒక్క నామినేషనే మిగిలితే మనం ‘ఏకగ్రీవం’ అంటాం. ఊరంతా ఒక్క గొంతుతో పలికిందని ఆ మాట చెప్పుకుంటుంది. నిజానికి కొన్ని ఊళ్లలో పలికిన గొంతే ఉండదు. ‘ఇన్ డిఫాల్ట్ ఆఫ్’ అన్న పలుకుబడి కూడా ఈ లేమినే చెబుతుంది: వారసులు లేనిచో, జరిమానా కట్టనిచో అని. జరిమానా కట్టకపోతే ఇన్ని నెలల జైలు అని తీర్పుల చివర వచ్చే వాక్యానికి మూలం ఇదే.

1960ల నుండి కంప్యూటర్ల వారు ఈ పాత న్యాయపరిభాషను అరువు తెచ్చుకుని కొత్త అర్థం పొదిగారు. వాడేవాడు ఏమీ చెప్పకపోతే యంత్రం తనంతట తాను ఎంచుకునేది ‘డిఫాల్ట్’. గైరుహాజరు అయినవాడి స్థానంలో యంత్రమే తీర్పు చెబుతుందన్నమాట. నేటి యువతరానికి తెలిసిన డిఫాల్ట్ ఇదొక్కటే. అందులో నింద లేశమైనా లేదు. తెలుగులో దీనికి దగ్గర పోలిక ‘మౌనం అర్ధాంగీకారం’ కావచ్చు. కాకపోతే కంప్యూటరుకు సగం అంగీకారంతో పని లేదు, మౌనాన్ని పూర్తి అంగీకారంగానే తీసుకుంటుంది.

ఈ మౌనం బరువు తక్కువది కాదు. ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ అనే పరిశోధకులు 2003లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో, మరణానంతర అవయవదానానికి సమ్మతించినవారు జర్మనీలో నూటికి 12 మంది కాగా, పక్కనే ఉన్న ఆస్ట్రియాలో నూటికి నూరుమంది చొప్పున, ఖచ్చితంగా 99.98 శాతం, ఉన్నారని చూపారు. జర్మనీలో సమ్మతించేవాడు చెప్పాలి. ఆస్ట్రియాలో వద్దనేవాడు చెప్పాలి. ఉభయత్రా చాలామంది ఏమీ చెప్పలేదు. మన దేశంలో 1994 నాటి చట్టం స్పష్టమైన సమ్మతి ఉండాలంటుంది.

ఆదాయపు పన్ను చెల్లించేవారికి ఈ రెండు అర్థాలూ ఒకే గూటిలో ఎదురవుతాయి. 2023-24 ఆర్థిక సంవత్సరం నుండి కొత్త పన్ను విధానం ‘డిఫాల్ట్’ అయింది. పాతది కావలసినవారు ప్రత్యేకంగా కోరుకోవాలి, కోరనివారికి దోషమేమీ లేదు. అదే శాఖ పంపే నోటీసులో ‘అసెసీ ఇన్ డిఫాల్ట్’ అని ఉంటే మాత్రం ఉలిక్కిపడవలసిందే. కట్టవలసిన పన్ను గడువుకు కట్టలేదని దాని అర్థం, వడ్డీ ముందుంది. మాట ఒకటే, ముందున్నది ‘బై’ అయితే నిశ్చింత, ‘ఇన్’ అయితే చింత అని జ్ఞాపకం పెట్టుకోవచ్చునేమో గాని, కోర్టులో ఈ సూత్రం చెల్లదు. ‘జడ్జ్‌మెంట్ బై డిఫాల్ట్’ నెత్తిన పడినవాడు నిశ్చింతగా నిద్రపోలేడు. ఎవరు, ఏది, ఎప్పటికి చేయవలసి ఉండి చేయలేదు అని వాక్యాన్నే ప్రశ్నించడం ఒక్కటే మార్గం.

జనక్‌పురి పెద్దమనిషి కొడుకు ఆ సాయంత్రం బీరువా తెరిచి కాగితాన్ని మళ్లీ చదివాడనుకుందాం. మర్నాడు తండ్రీ కొడుకులిద్దరూ కమ్యూనిటీ సెంటరు మెట్లెక్కి, కిటికీ వెనుక కూర్చున్న గుమాస్తాను అడుగుతారు. ఆయన ఉత్తర్వు వంక ఒక చూపు చూసి, “అదమ్ పైర్వీ” అంటాడు. తర్వాత తేదీ మీద వేలు పెట్టి లెక్కించి, అప్పీలుకు ఇంకా ముప్పై మూడు రోజులున్నాయని చెప్పి, డాక్టరు సర్టిఫికెట్ ఉందా అని అడుగుతాడు.